ఓబులమ్మ హస్తవాసి

మా కొండాపూర్ అపార్ట్‌మెంట్ల బి బ్లాకులో ఎవరింట్లో ఎవరు గురక పెడతారో నాకు తెలుసు. నేను తలుపుల దగ్గర చెవి పెట్టి వినే మనిషిని కాను. ఎదురింటి ఓబులమ్మ చెప్పింది. ఆవిడకు పిల్లలు చెప్పారు. కదిలే పన్ను తీయించుకుందామని వెళ్ళి, ఆ పన్నుతో పాటు ఇంటి సంగతులు కూడా అక్కడే వదిలేసి వచ్చారు.

అది ఆవిడ పద్ధతి. పన్ను కదులుతోందని పిల్లవాడు ఏడుపు ముఖంతో వస్తాడు. ఓబులమ్మ వాణ్ణి గుమ్మం ముందు పీట మీద కూర్చోబెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని, ఉతికి ఆరేసిన పాత పంచె ముక్కను వేళ్ళకు చుట్టుకుంటుంది. "నాలికతో పన్నును పండబెట్టు, సూద్దాం" అంటుంది. పన్ను అడ్డంగా పడుకుంటే సరే. పడుకోకపోతే "ఇది పచ్చికాయ. పండినంక రాపో" అని పంపేస్తుంది. ఎంత బతిమాలినా ముట్టుకోదు. పండిన పన్నయితే మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. "మీ ఇంట్లో గురక పెట్టేదెవరు?" పిల్లలకు దీనికన్నా నవ్వొచ్చే ప్రశ్న లేదు. పకపకా నవ్వి, నోరంతా తెరిచి "మా తాతయ్య" అనేలోపే పన్ను ఆవిడ వేళ్ళ మధ్య ఉంటుంది. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? ఆ తాతయ్య మా ఆయన రామ్మోహనరావు గారే. పన్ను మా మనవడిది.

నా పేరు పుణ్యవతి. మాది తెనాలి. మా ఆయన ఇరిగేషన్ శాఖలో రిటైరయ్యాక కొడుకు ఆదర్శ్ దగ్గరికి వచ్చేశాం. ఓబులమ్మ వాళ్ళది తాడిపత్రి దగ్గర నాపరాళ్ళ గనులున్న ఊరు. ఇంటికి పెద్దపిల్ల కావడం వల్ల తమ్ముళ్ళవీ చెల్లెళ్ళవీ పాలపళ్ళన్నీ ఆవిడ చేతి మీదుగానే ఊడాయట. కొడుకు భరత్, కోడలు హరిత ఇద్దరూ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మనవరాలు హన్విక పుట్టాక ఆవిడా, భర్త తిమ్మప్ప గారూ ఇక్కడే స్థిరపడ్డారు. తిమ్మప్ప గారు వచ్చిన నాటి నుంచి శంకర్‌పల్లి వైపు ప్లాట్లు చూస్తూనే ఉన్నారు. ఇంతవరకూ ఒక్కటీ కొనలేదు. ఓబులమ్మ విద్యకు మాత్రం వచ్చిన వారంలోనే గిరాకీ దొరికింది. ఇంట్లో దారం కట్టి తలుపుకు తగిలించే నాన్నలున్నా, పిల్లలు లిఫ్టెక్కి ఆవిడ దగ్గరికే వచ్చేవారు. చేతి వాసి మంచిదని పేరు పడింది.

తీసిన పన్నును పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసరాలి. తెనాలిలో మేమూ అంతే చేసేవాళ్ళం. కొండాపూర్‌లో పేడ ఎక్కడిదని అడక్కండి. ఫోనులో నొక్కితే పిడకలు పాల ప్యాకెట్ కన్నా ముందు గుమ్మంలో ఉంటున్నాయి. పిడక ముక్క తడిపితే పేడే. చిక్కంతా కప్పుతోనే వచ్చింది. మా బ్లాకు మీద సోలార్ పలకలు పెట్టాక అసోసియేషన్ వాళ్ళు మేడకు తాళం వేసేశారు. ఓబులమ్మ ఏం తక్కువ తిన్నదా! రెండో అంతస్తు కారిడార్ చివర నిలబడి, కింద ఉన్న క్లబ్ హౌస్ కప్పు మీదికి గురిచూసి విసిరేది. ఒకసారి ఒక పన్ను జారి బ్యాడ్మింటన్ కోర్టులో పడింది. మా ఆదర్శ్ అసోసియేషన్ సెక్రటరీ. దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఎవరిదో చెప్పి సెక్యూరిటీ దగ్గర తీసుకోవలసిందిగా కోరాడు. నేను కన్న కొడుకే, ఏం చేస్తాం.

ఇంత పేరున్న చేతికి దెబ్బ తగిలింది సొంత మనవరాలి దగ్గరే.

హన్విక అప్పుడు ఒకటో తరగతి. సన్నగా వాన పడుతుంటే వద్దన్నా వినకుండా కాలితో తోసే స్కూటర్ మీద పార్కింగులో తిరుగుతూ బోర్లా పడింది. పై వరసలో ముందు పన్ను చిగురు నుంచి వేలాడుతోంది. నోరంతా నెత్తురు. అమ్మా నాన్నా ఆఫీసుల్లో ఉన్నారు. తిమ్మప్ప గారు ఏదో ప్లాటు చూడ్డానికి వెళ్ళారు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఓబులమ్మ పచ్చికాయా పండా అని ఆలోచించలేదు. ఒక్క లాగు లాగి తీసేసింది. చల్లనీళ్ళతో పుక్కిలింపించి, ఐస్ ముక్క పెట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుంది. తరవాత వాడుక ప్రకారం పన్నును కప్పు మీదికి విసిరింది. వాన కదా, జారి కింద కార్లు దిగే ర్యాంపు మీద పడింది.

సాయంత్రం హరిత వచ్చి చూసి ఏమీ అనలేదు. మంచిదే చేశావంది కూడా. అసలు కథ తరవాత మొదలైంది.

కొన్నాళ్ళకు ఆ పన్ను పక్కదీ ఊడింది. దానంతట అదే ఊడి, దాని చోట చక్కగా పెద్ద పన్ను దిగింది. ఓబులమ్మ తీసిన చోట మాత్రం ఏమీ రాలేదు. ఒకటో తరగతి అయిపోయింది. రెండో తరగతి అయిపోయింది. మూడోది మొదలైంది. ఒకవైపు పెద్ద పన్ను, పక్కన ఖాళీ. హన్విక నవ్వితే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ అలవాటు!

ఒకరోజు నేను మజ్జిగ మిరపకాయలు ఇవ్వడానికి వెళ్ళాను. ఓబులమ్మ పిల్లను కిటికీ దగ్గర నిలబెట్టి, ఆ ఖాళీ చోటు తడిమి చూస్తోంది. హరిత ల్యాప్‌టాప్ ముందు నుంచి లేచి వచ్చింది.

"ఇంగ పాప నోట్లో చెయ్యి పెట్టగాకు అత్తా" అంది.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, ఓబులమ్మ కూడా నాలుగు మాటలని తేల్చుకునేది. ఆ మాట విని ఆవిడ చెయ్యి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. మర్నాటి నుంచి గుమ్మం ముందు పీట లేదు. పిల్లలు వచ్చి తలుపు తడితే "నాకు కండ్లు సరిగ్గా కనపడ్డంల్యా, పోండి నాయనా" అని పంపేసేది. సూదిలో దారం ఎక్కించే కళ్ళవి!

హరిత ఆ మాటన్న సాయంత్రమే ఆవిడ కింద ర్యాంపు పక్కన చెట్ల మధ్య వంగి వెతుకుతుంటే నేను పట్టుకున్నాను.

"ఏమండీ వదినగారూ, ఏం పడేసుకున్నారు?"

"పాప పన్ను వదినా."

"రెండేళ్ళ కిందటి పన్నా!"

"అది కప్పెక్కల్యా. జారి ఈడ పడె. కార్లు తొక్కినంక ఇంగ కొత్తది యాడ్నించి వస్తాది? దొరికితే ఇంగోతూరి కప్పు మీదికి ఇసురుదామని."

నాకు నవ్వు రావాలి, రాలేదు. ఆవిడ ముఖం అలా ఉంది మరి. కోడలేమో అత్త తొందరపడి పీకడం వల్లే లోపలి పన్ను చచ్చిపోయిందని నమ్ముతోంది. అత్తేమో పన్ను కప్పెక్కకపోవడం వల్లే కొత్తది అలిగిందని నమ్ముతోంది. ఇద్దరికిద్దరూ తప్పు ఓబులమ్మదే అంటున్నారు, దాంట్లో మాత్రం తేడా లేదు.

"డాక్టరుకు చూపించారా?" అని అడిగాను.

"రేపు మాపు అంటాది హరిత. దానికేదో పనంట, రిలీజంట."

రిలీజూ లేదు, పాడూ లేదు. హరితకు భయం. అది అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు. పాలపన్నుకు దెబ్బ తగిలితే లోపల తయారవుతున్న పన్ను దెబ్బతినొచ్చని ఇంటర్నెట్లో చదివింది. డాక్టరు అదే మాట చెబితే, అది విని, మళ్ళీ ఇంటికొచ్చి అదే అత్త వండిన అన్నం తినాలి. అందుకే వాయిదా వేస్తోంది.

స్కూల్లో గ్రూపు ఫోటో తీసిన రోజున ఇక నేను ఆగలేకపోయాను. ఫోటో అతను నవ్వమని అంటే హన్విక నవ్వలేదట, మళ్ళీ అడిగితే ఏడ్చేసిందట. బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చి నా ఒళ్ళో తలపెట్టుకుని "అమ్మమ్మా, నాకు ఇంక రాదా?" అని అడిగింది. వాళ్ళవ్వను అడగలేదు, అమ్మను అడగలేదు, నన్ను అడిగింది. నేను ఆ సాయంత్రమే ఎదురింట్లోకి వెళ్ళి, హరిత ల్యాప్‌టాప్ మూసేశాను. దగ్గర్లోనే పిల్లల పళ్ళ డాక్టరుందనీ, శనివారం అందరం వెళుతున్నామనీ, ఇందులో చర్చ లేదనీ చెప్పాను. నా నోటికి మా ఇంట్లోనే ఎదురు లేదు.

"అత్త ఎందుకులే ఆంటీ, నేనూ పాపా పోతాం" అంది హరిత.

"ఆవిడ నాకు తోడు" అన్నాను.

శనివారం ఆటోలో ఓబులమ్మ ఒళ్ళో చేతులు ముడుచుకుని కూర్చుంది. ఆ పన్ను లోపల ఉందా లేదా, అదొక్కటే ఇప్పుడు తేలాలి. ఉంటే సరే. లేకపోతే పిల్ల ముఖం అలాగే ఉంటుంది, ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య గోడ కూడా అలాగే ఉంటుంది.

క్లినిక్‌లో రేణుక అనే అమ్మాయి హన్వికను ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళింది. నిలబడితే తల చుట్టూ తిరిగే యంత్రం అది. "జర గదవ గీడ ఆనిచ్చు బిడ్డా. కదలకు. గిట్ల తిరిగి అయిపోతది, ఫికర్ చెయ్యకు" అంది రేణుక, గడ్డం ఆనించే చోటు చూపిస్తూ. యంత్రం జుయ్యిమని ఒక చుట్టు తిరిగింది. మేము ముగ్గురం అద్దం బయట నిలబడ్డాం.

డాక్టరు సంయుక్త చిన్న వయసు పిల్ల. ఎక్స్‌రే తెర మీదికి రాగానే కుర్చీ ముందుకు లాక్కుని "రండి రండి, అందరూ దగ్గరికి రండి" అని సినిమా చూపించబోతున్నట్టు పిలిచింది.

అబ్బా, ఏం చెప్పను! చెవి నుంచి చెవి దాకా దవడ మొత్తం పరిచినట్టు కనిపించింది. నోట్లో కనిపించే పళ్ళ వరస ఒకటి. దాని పైన ఎముకలో దాక్కుని ఇంకో వరస. కింది దవడలోనూ అంతే. కొన్ని నిటారుగా, కొన్ని పడుకుని, కొన్నిటికి ఇంకా వేర్లే లేవు, బుడిపెల్లా ఉన్నాయి. అరవై దాటిన నేను కూడా పిల్లల నోట్లో ఇంత సంతలాగా ఉంటుందని కలగనలేదు.

ఓబులమ్మ అక్కడ ఆగలేకపోయింది. "నా తల్లీ! ఇన్ని పండ్లా! ఇవన్నీ యాడ దాపెట్టినావే?"

హన్విక కూడా తెర దగ్గరికి దూరింది. "డాక్టర్, ఇది ఎక్కడుంది?"

"అదా? నీ ముక్కు పక్కన. కోరపన్ను. దానికి ఇంకా రెండు మూడేళ్ళ ప్రయాణం ఉంది." పిల్ల వెంటనే ముక్కు తడుముకుంది.

"పుట్టేటప్పటికే పాలపళ్ళు చిగుళ్ళ కింద తయారవుతూ ఉంటాయమ్మా" అంది డాక్టరు. "వాటి వెనకే పెద్ద పళ్ళు మొదలవుతాయి. పెద్ద పన్ను బయటికి తోసుకొస్తూ పాలపన్ను వేరును కరిగించేస్తుంది. పట్టు వదిలేసి పాలపన్ను ఊడిపోతుంది."

"అద్దీ!" ఓబులమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఇన్నేండ్లు పీకితినా, దేనికీ వేరుండేది కాదు. యాడికి పోతాందో అని మెదడు పగిలేది. లోపల్దే తినేస్తాందా!"

"తినేస్తోంది" అంది డాక్టరు నవ్వుతూ. "ఇదిగో, ఇక్కడ చివర ఈ పెద్ద దంతం చూడండి. ఆరేళ్ళకు వచ్చింది. ఏ పాలపన్నూ ఊడకుండా వెనకాల వస్తుంది కాబట్టి ఇళ్ళలో ఇది కూడా పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా పట్టించుకోరు."

హరిత ముఖం చూస్తే తనూ అదే అనుకున్నట్టు ఉంది. "దాని వెనక ఇంకా రెండున్నాయే. చోటెక్కడుంది డాక్టర్?" అని అడిగింది.

"ఇప్పుడు లేదు. దవడ వెనకవైపు పెరుగుతూ చోటిస్తుంది. పిల్ల పొడుగైనట్టే దవడా పొడుగవుతుంది. పళ్ళ కోసం అది ఆగదు, దాని కోసం పళ్ళు ఆగుతాయి."

"కాపురం పెద్దదైతే యెనక గది దించినట్ట" అంది ఓబులమ్మ. డాక్టరు ఆ మాట నచ్చి మళ్ళీ చెప్పించుకుంది.

అందరం నవ్వాం. హరిత నవ్వలేదు. "డాక్టర్, ముందుది?" అని మెల్లగా అడిగింది.

డాక్టరు తెర మధ్యలో పెద్దది చేసి చూపించింది. ఒకపక్క దిగిన పన్ను. రెండోపక్క ఖాళీ. ఖాళీకి పైన, ఎముకలో, నిక్షేపంలాంటి పన్ను.

"ఉండాదే!" అని ఓబులమ్మ అరిచిన అరుపుకు బయట కూర్చున్న వాళ్ళు తలుపు తీసి చూశారు.

"ఉంది. చక్కగా ఉంది. కాని దీని కింద ఈ చిన్నది కనిపిస్తోందా? మేకులాగా?" నిజంగానే పన్ను దారికి అడ్డంగా చిన్న ముల్లులాంటిది ఉంది. "ఇది అదనపు పన్ను. లెక్కలో లేనిది. కొందరు పిల్లలకు ఇలా ఒకటి ఎక్కువ తయారవుతుంది. ఇది దారికి అడ్డంగా కూర్చుంది. అందుకే రెండేళ్ళ నుంచి అది దిగలేకపోతోంది."

ఓబులమ్మకు తనవంతు తప్పేమిటో తెలుసుకోవాలని ఉంది. "అమ్మా, పాపది నేను పీకినప్పుడు దానికి కొంచెం వేరుండె. పండకముందే పీకినట్టే గదా?"

"కాలం రాకముందే పోయింది, అది నిజం. దెబ్బ తగిలి వేలాడే పన్నును ఇంట్లో తీయకుండా మా దగ్గరికి తీసుకురావాలి. ఇంకోసారి అలా చెయ్యకండి." డాక్టరు ఆ మాట నెమ్మదిగా కాని గట్టిగానే చెప్పింది. తరవాత హరిత వైపు తిరిగింది. "కాని పన్ను రాకపోవడానికి కారణం అది కాదు. ఎవరూ పీకకపోయినా, పడకపోయినా ఇది ఇలాగే ఆగేది. ఈ అడ్డం పాప పుట్టుకతో తెచ్చుకున్నది. ఒక పన్ను వచ్చి దాని జత ఆరు నెలల్లో రాకపోతే అప్పుడే చూపించాల్సింది. ఆలస్యం అయిందంటే ఇక్కడే అయింది."

హరిత తెర వైపు చూస్తూ ఉండిపోయింది. నేను ఓబులమ్మ వైపు చూశాను. ఆవిడ కోడలి వైపు చూడకుండా ఎక్స్‌రేలో ఆ పన్నునే చూస్తోంది, అది ఎక్కడికన్నా పారిపోతుందన్నట్టు. రావలసిన సంతోషం వచ్చింది కాని పట్టుకోవడం తెలియక ముగ్గురం నిలబడిపోయాం. హన్విక ఒక్కతే "నాకు ఎక్స్‌ట్రా పన్నుంది, ఎక్స్‌ట్రా పన్నుంది" అని గెంతింది.

తరవాతి వారమే ఆ మేకును తీశారు. చిన్న మత్తు సూది, చిన్న కోత, రెండు కుట్లు. పక్క పళ్ళు ఖాళీలోకి వాలకుండా ఒక ప్లేటు పెట్టారు. పుండు మానాక డాక్టరు ఒక పని చెప్పింది. చిగురు గట్టిపడి ఉంది కాబట్టి, రోజూ ఉదయం సాయంత్రం కడుక్కున్న వేలితో దాని మీద మెల్లగా రుద్దమంది. పన్ను తన దారిన తాను దిగుతుంది, నెలలు పట్టొచ్చు, ఓపిక పట్టమంది.

మొదటి రోజు ఉదయం నేను అక్కడే ఉన్నాను, కాఫీ పొడి అయిపోయిందన్న వంకతో. హరిత ఆఫీసు బస్సు కోసం ఒక కన్ను గడియారం మీద పెట్టి, పిల్ల నోట్లో వేలు పెట్టింది. హన్విక తల విదిలించుకుంది.

"నువ్వు గట్టిగా నొక్కుతావు మమ్మీ. అవ్వ చెయ్యాల."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఓబులమ్మ గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు. హరిత వేలు తీసి, తువ్వాలుతో తుడుచుకుంది. నేను కాఫీ పొడి సంగతి మరిచిపోయాను.

"అత్తా, చెయ్యి కడుక్కోని రా" అంది చివరికి, తలెత్తకుండా.

ఓబులమ్మ చేతులు కడుక్కున్న విధం చూడాలి! మోచేతుల దాకా సబ్బు పెట్టింది. వచ్చి పిల్ల ముందు కూర్చుని ఆ వేలిని ఇంకోసారి తుడుచుకుంది. ఎన్ని వందల పళ్ళు తీసిన వేలో అది. హన్విక కళ్ళు మూసుకుని హాయిగా నోరు తెరిచింది.

అలా రోజులు గడిచాయి. అత్తాకోడళ్ళు మాట్లాడుకునేవారు కాని ఆ మాటలు చిగురు దాటేవి కావు. ఎర్రబడిందా, వాచిందా, నొప్పందా, ఇంతే. హరిత లోపల ఏముందో నాకు తెలుసు. క్షమించమని అడగాలని ఉంది, నోరు రాదు. ఓబులమ్మకు అడిగించుకోవాలని లేదు. అంతకన్నా పన్ను మీదే ఆశ పెట్టుకుంది. నేనేమో రోజూ ఎదురింటికి వెళ్ళి "వచ్చిందా?" అని అడగడం, మా ఆయన నన్ను వెక్కిరించడం.

ఒక బుధవారం మధ్యాహ్నం స్కూలుకు సెలవు. నేను పప్పు తాలింపు పెడుతుంటే మా తలుపు దబదబా మోగింది. తీస్తే ఓబులమ్మ, చూపుడువేలు పైకెత్తి పట్టుకుని, ఆయాసంతో.

"వదినా! తగిలె!"

"ఏం తగిలిందండీ? ఎక్కడ దెబ్బ?"

"దెబ్బ కాదు. పన్ను! గరుకుగా తగిలె! రంపం మాదిరి, సన్నగా, చిగురు కింద్నించి పొడస్తాంది!"

నేను పొయ్యి ఆపానో లేదో గుర్తులేదు. ఎదురింట్లోకి పరిగెత్తి, కుళాయి కింద చెయ్యి పెట్టి, హన్విక గడ్డం పట్టుకోబోతే ఓబులమ్మ నన్ను అడ్డుకుంది.

"వద్దొద్దు. ముందు అమ్మ సూడల్ల."

నన్నే! ఇన్నాళ్ళు వాళ్ళ వెంట తిరిగిన నన్నే! నాకు చిరాకొచ్చింది కూడా, చెప్పొద్దూ. కాని ఆవిడ ముఖం చూసి చేతులు తుడుచుకున్నాను. హరితకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీటింగులో ఉందట. ఓబులమ్మ మళ్ళీ చేసింది. మళ్ళీ. నేను కూడా నా ఫోనుతో మొదలుపెట్టాను. చివరికి భరత్ ద్వారా కబురు అందింది. ఆఫీసు బస్సు సాయంత్రానికి గాని లేదు. హరిత అంతదాకా ఆగుతుందా? బైక్ టాక్సీ ఎక్కి గచ్చిబౌలి నుంచి ఎండలో వచ్చేసింది. తల మీద బండి నడిపినతని హెల్మెట్ అలాగే ఉంది. హెల్మెట్ కోసం బండతను లిఫ్టులో వెనకే వచ్చాడు. అతనికి అది ఇచ్చి పంపించే తీరిక నాకే దొరికింది.

"యాడత్తా? చూపించు" అంది హరిత, చెప్పులైనా విప్పకుండా.

"కంటికి కనపడదు. వేలికే తెలుస్తాది. చెయ్యి కడుక్కో పో."

కడుక్కుని వచ్చింది. హన్విక సోఫా మీద మహారాణిలా కూర్చుని నోరు తెరిచింది. హరిత వేలు పెట్టింది కాని దొరకలేదు. చిగురంతా తడిమింది. "లేదే" అంది. ఓబులమ్మ ఆ వేలిని తన రెండు వేళ్ళతో పట్టుకుని, కొంచెం ఇటు, కొంచెం పైకి జరిపింది. ఆపింది.

హరిత ముఖం మారిపోయింది.

నేను అంతదూరం నుంచి చూస్తున్నా ఆ గరుకుదనం నా వేలికే తగిలినట్టు తెలిసింది. హరిత కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారాయి. తుడుచుకుందామంటే ఒక చెయ్యి కూతురి నోట్లో ఉంది. హన్విక "ఆ, ఆ" అని ఏదో చెప్పబోయింది. ఇంటర్వెల్ ఇమ్మని కాబోలు.

ఓబులమ్మ ఇక తన పని అయిపోయిందని చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. హరిత రెండో చేత్తో ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తీయగాకు అత్తా" అంది. "ఉండనీ."